వంకకు వేసిన మిద్దె

"అమ్మా, ఆ కార్డు ఇటివ్వండి. ఊరంతా చేతులెత్తి ఒప్పుకున్న సమస్య అది."

"ఇయ్యను సారూ. ఇది సమస్య కాదు."

"చెక్‌డ్యామ్ లేకపోవడం సమస్య కాదా?"

"కడుపు నొస్తాందని డాక్టరు కాడికి పోతే, ఆయప్ప చీటీలో రోగం పేరు 'మాత్ర లేదు' అని రాస్తాడా?"

"మీరు మా సంస్థ మనిషా, ఊరి మనిషా? ముందు అది తేల్చండి."

"రెండూ. అందుకే నోరు మూసుకోలేకుండా ఉండా."

బడి వరండాలో కూర్చున్న జనం నవ్వారు. ఇంజనీరు నవ్వలేదు. గోడకు కట్టిన పాత దుప్పటి మీద పసుపు కార్డులు గుండుసూదులతో గుచ్చి ఉన్నాయి. వాటి నడిమధ్యలో ఉండాల్సిన పెద్ద కార్డు నా చేతిలో ఉంది. 'మా వంకకు చెక్‌డ్యామ్ లేదు' అని దాని మీద ఆయనే గుండ్రటి అక్షరాలతో రాశాడు.

ఆ ఇంజనీరు గోదావరి జిల్లా నుంచి వచ్చిన పిల్లవాడు. చెడ్డవాడు కాడు. మా ఎండకు ముక్కు మీద తోలు ఊడిపోతున్నా నాలుగు రోజులు ఊరంతా మాతో నడిచాడు, ఒక్క పూట నీడ వెతుక్కోలేదు. అలాంటి మనిషిని నలుగురిలో అట్లా నిలదీయడం తప్పే. అయితే ఆ రోజు నా గొంతు అంత పెద్దది కావడానికి వేరే కారణం ఉంది. ఇప్పుడు ఇదే పని చేస్తున్న పిల్లలు నన్ను అప్పుడప్పుడు ఆఫీసుకు పిలిచి, "అవ్వా, మాకేమన్నా చెప్పు" అంటుంటారు. నా దగ్గర చెప్పదగ్గది ఇదొక్కటే. రాసి ఇస్తే నాకు బస్సు చార్జీ మిగులుతుంది, మీకు నా దగ్గు వినే బాధ తప్పుతుంది.

నేను చదివింది మూడో తరగతి. నాలుగో తరగతి పుస్తకం కొన్న వారానికే మా నాయన నన్ను పత్తి చేనికి పంపి, పుస్తకం అంగడిలో తిరిగి ఇచ్చేశాడు. ఆ చదువుతోనే ప్రొద్దుటూరులో ఒక స్వచ్ఛంద సంస్థలో కార్యకర్తనయ్యాను. బట్టల అంగడి మీది అంతస్తులో వాళ్ల ఆఫీసు ఉండేది. పొదుపు సంఘం మీటింగుల్లో నేను అందరినీ కసిరి కూర్చోబెట్టడం చూసి పనికొస్తాననుకున్నారట. రాష్ట్రం రెండైన తర్వాత చేరాను, మోకాళ్లు మొరాయించేదాకా చేశాను.

మా పని ఏమిటంటే, ఒక ఊళ్లో నీటికో నేలకో ఏదైనా ప్రాజెక్టు పెట్టే ముందు ఆ ఊరు ఎట్లా ఉందో, దాని బాధ ఏమిటో తెలుసుకొని కాగితం మీద పెట్టడం. మొదట ఊరిని ఒక పక్క నుంచి ఇంకో పక్కకు నడిచి చూస్తాం. తర్వాత ఆడవాళ్లను పిలిచి వీధిలో ముగ్గుపిండితో ఊరి పటం వేయిస్తాం. ఇళ్లకు ఎరుపు, చేలకు పచ్చ, నీళ్లకు నీలం. ఆ పటాన్ని కాగితం మీదికి ఎక్కిస్తాం. చివరి రోజు కార్డులు. నడిమధ్య సమస్య, దాని కింద కారణాలు, దాని పైన ఆ సమస్య వల్ల జరిగే నష్టాలు. నడుమ కార్డు తప్పితే కిందా పైనా ఎంత రాసినా అంతా తప్పే.

నడుమ కార్డు తప్పడం మా దిక్కు ఊళ్లలో చాలా తేలిక. మా జనం తెలివైనవాళ్లు. జీపు మీది బోర్డు చదివి సమస్య చెబుతారు. పులివెందుల దిక్కు ఒక ఊరికి మొక్కలిచ్చేవాళ్లు వెళ్తే 'మాకు చెట్లు లేవు' అన్నారు. మరుసటి ఏడాది మరుగుదొడ్లవాళ్లు వెళ్తే చెట్ల మాటే ఎత్తలేదు. తప్పు వాళ్లది కాదు. వచ్చినవాడి సంచిలో ఏముందో అదే అడిగితేనే కదా ఇచ్చేది. మా జీపు మీద చెక్‌డ్యామ్ బొమ్మ ఉంది. అందుకని మా ఊరు చెక్‌డ్యామ్ లేదంది.

అవును, ఆసారి పని పడింది నా సొంత ఊరికే. జమ్మలమడుగుకు పులివెందులకు నడుమ, నల్లబండలు తీసే గనుల పక్కన ఉంటుంది. ఊరికి తాగే నీళ్లు ఇచ్చేది ఒక్క దిగుడుబావి, అదీ వంక ఒడ్డున. బోర్లు ఉన్నాయి కానీ ఆ నీళ్లు ఉప్పన, వాటితో కందిపప్పు పొద్దంతా ఉడకేసినా పలుకు పలుకుగానే ఉంటుంది. ఆ దిగుడుబావి మూడేళ్లుగా అడుగంటుతూ వచ్చి, ఆ ఏడు అడుగు మెట్టు కింద బురద మాత్రం మిగిలింది. వాన పడకపోతే ఒక లెక్క. ఆ ఏడు వానలు బాగానే పడ్డాయి. వంకలో నీళ్లు రోజుల తరబడి నిలిచాయి, గేదెలు పడుకున్నాయి. పక్కనే బావి మాత్రం ఎండింది. ఊరికి ఒక్క పనికే మంజూరు. అది తప్పు చోట పడితే ఇక ఆ బావిని మూసి పెట్టుకోవాల్సిందే.

నాకూ అర్థం కాలేదు. కార్డుల రోజు తెల్లవారేదాకా నేనూ చెక్‌డ్యామ్ పాటే పాడుతున్నాను.

ఆ ఉదయం వేరుశనక్కాయలు ఎండబోయడానికి మిద్దె ఎక్కాను. మాది మట్టి మిద్దె. వెనకట మిద్దె కారకుండా చౌడుమన్ను తెచ్చి పరిచేవాళ్లం. చౌడుమన్నుకు బండి కట్టుకొని దూరం పోవాలి. ఊరి పైన బండల పాలీషు ఫ్యాక్టరీలు వచ్చాక నాకు తేలిక దారి దొరికింది. రాళ్లు కోసి నునుపు చేసేటప్పుడు పాలలాంటి బురద వస్తుంది. ఆరితే బూడిద తెలుపు. వాళ్లు పారబోసేదే కాబట్టి ఊరికే ఇస్తారు. ఆ వానాకాలం ముందు దాన్ని మిద్దె మీద పరిచి చదును చేయించాను. చుక్క కారలేదు. ఊళ్లో నలుగురికి గొప్పలు కూడా చెప్పుకున్నాను.

ఆ ఉదయం చూస్తే మిద్దె మీద ఒక మూల కుంగిన చోట నీళ్లు నిలబడి ఉన్నాయి. వాన పడి మూడు రోజులైంది. వేలు పెట్టి చూశాను. కింద నేల గట్టిగా, నున్నగా, పళ్లెం అడుగులా ఉంది. నీళ్లు ఎండకు పోవాలే గానీ కిందికి పోయేదే లేదు.

అప్పుడు వంక గుర్తొచ్చింది. గేదెలు పడుకున్న నీళ్లు గుర్తొచ్చాయి. కాయల గంప అక్కడే వదిలి మిద్దె దిగాను. ఎందుకంటే వంకలోకి ఆ బురదను మొదట పోయించింది నేను.

మూడేళ్ల కిందట వంక దాటే దారిలో ఇసుకకు ఆటోలు కూరుకుపోయేవి. కాన్పుకు తీసుకుపోతున్న ఆటో ఒకటి అక్కడే ఇరుక్కుంది. ఫ్యాక్టరీలు నడిపే నా మరిది వరస మనిషితో నేనే మాట్లాడి, దారిలో బురద పోయిస్తే గట్టిపడుతుందని చెప్పాను. పోయించాడు. సిమెంటు రోడ్డులా అయింది. ఊరు నన్ను మెచ్చుకుంది. ఆ తర్వాత ఆయన ట్యాంకరు రోజూ వస్తున్నా ఎవరూ ఏమీ అనలేదు, నేనూ అనలేదు. దారి దాటి కిందికి, బావి దాకా, ఆ బురద పరుచుకుంటూ పోయింది. మా మిద్దెకు వేసినట్టే వంకకూ మిద్దె వేశాం.

ఇక బడి దగ్గరికి వచ్చి చూస్తే వీధిలో ఆడవాళ్లు వేసిన పటం ఇంకా చెరగలేదు. వంక పైభాగమంతా నీలం వేశారు. దారి దాటిన తర్వాత తెల్లపిండే వేశారు. కాగితం మీద ఇంజనీరు మొత్తం నీలమే వేసుకున్నాడు. నీలం రంగు అయిపోయి తెలుపు వేశారని అనుకున్నాడట. ఆడవాళ్లు రంగు అయిపోయి తెలుపు వేయలేదు. అక్కడ వంక తెల్లగానే ఉంది కాబట్టి వేశారు. రెండు రోజులుగా ఆ పటాన్ని దాటుకుంటూ తిరిగిన నేను కూడా చూడలేదు.

అందుకే కార్డు పీకాను. పీకాను గానీ ఎందుకో చెప్పడానికి నోరు రాలేదు. న్యాయం ఉన్నప్పుడు గొంతు పెరుగుతుంది, దాచుకునేది ఉన్నప్పుడు ఇంకా పెరుగుతుంది. ఆ మాత్ర, డాక్టరు మాటలన్నీ అందుకే. ఇంజనీరు ముఖం ఎర్రబడింది. సర్పంచ్ లేచి, వచ్చిన పనిని తరిమేదానికి సొంత మనిషే చాలునని నన్ను ఎత్తిపొడిచాడు.

మా ఆఫీసు పెద్ద మేడమ్ అప్పటిదాకా గోడకు ఆనుకొని కూర్చుని వింటోంది. తక్కువ మాటల మనిషి. లేచి నా చేతిలో ఖాళీ కార్డు ఒకటి పెట్టింది.

"సరే. చెక్‌డ్యామ్ కాదంటున్నారు. మరి నడుమ ఏం రాయాలో మీరే చెప్పండి."

ఇక దాచడానికి చోటు లేదు. మిద్దె సంగతి చెప్పాను, వంక సంగతి చెప్పాను, పటంలో తెలుపు చూపించాను. 'వంక నీళ్లు భూమిలోకి దిగడం లేదు' అని రాయమన్నాను. దాని కింద, కారణాల వరసలో, 'బండల బురద వంకలో పోస్తున్నాం' అని.

ఫ్యాక్టరీ మరిది వెనక వరసలో నిలబడి ఉన్నాడు. నెమ్మదిగానే అన్నాడు.

"పొయ్యమన్నెది నువ్వే కదా వదినా. ఇప్పుడు నా మీదికి తోస్తాండావా?"

"తోయడంల్యా అప్పా. ముందు నా పేరే రాయమంటాండా. దాని కింద నీది రాసుకో."

ఎవరూ నవ్వలేదు. అరవై ఏళ్లు దాటిన మనిషి ఊరి ముందు తన తప్పు తానే చదివితే, వినేవాళ్లు తల వంచుకుంటారని నాకు అప్పుడే తెలిసింది.

ఇంజనీరుకు కోపం తగ్గింది గానీ నమ్మకం కుదరలేదు. మిద్దె చూసి వంకకు ప్లాను రాయలేనని అన్నాడు. అది న్యాయమే. నేల నీరు తాగుతుందో లేదో చూడటానికి పరికరం ఉందట. అది తెప్పించాలంటే వారం. కాగితాలు రెండు రోజుల్లో పంపాలి. అప్పుడు మా ఊరి బావుల మేస్త్రి కదిలాడు. నాకు మామ వరస. ఈ చుట్టుపక్కల ఊళ్లలో సగం బావులు ఆయన చేతి మీదే తవ్వారు. ఆయన దగ్గర ఉన్న పరికరం ఒక గడ్డపార, ఒక ఆకువక్కల సంచి.

"రేపు పొద్దున రా సారూ. రెండు గుంతలు తవ్వి నీళ్లు పోచ్చాం. నేను ఆకేసుకుంటా. నా నోరు పండేలోపల నీళ్లు దిగితే నేల మంచిది. దిగలేదంటే ఈయమ్మ చెప్పినెదే నిజం."

మరుసటి పొద్దున ఊరు ఊరంతా వంకలో ఉంది. జాతరకు కూడా అంత జనం రారు. ఫ్యాక్టరీలకు ఎగువన ఇసుకలో మోచేతి లోతు గుంత ఒకటి, దారికి దిగువన నీళ్లు ఆరిన తెల్లటి నేలలో అంతే లోతు గుంత ఒకటి. కొలత పట్టింది ఇంజనీరే, ఒక వేలు కూడా తేడా రానివ్వలేదు. పై గుంతలో రెండు బిందెలు పోశారు. మేస్త్రి మామ ఆకుకు సున్నం రాసి, వక్క పెట్టి, మడిచి నోట్లో వేసుకున్నాడు. ఆయన ఎర్రగా ఉమ్మే లోపలే గుంత ఖాళీ అయింది.

జనం కిందికి నడిచారు. దిగువ గుంతలో రెండు బిందెలు పోశారు. మామ ఆకు వేసుకున్నాడు. నమిలాడు, ఉమ్మాడు. నీళ్లు అట్లాగే ఉన్నాయి. రెండో ఆకు వేసుకున్నాడు. నీళ్లలో మా ముఖాలు కనిపిస్తున్నాయి. మూడో ఆకుకు సంచిలో వక్క అయిపోయింది. ఈలోపు ఒక గేదె జనాన్ని తోసుకొని వచ్చి ఆ గుంతలో నీళ్లు తాగి పోయింది.

"నేల తాగలేదు గానీ ఎనుము తాగె. రాసుకో సారూ" అన్నాడు మామ.

ఇంజనీరు రాసుకోలేదు. మోకాళ్ల మీద కూర్చుని, గడ్డపార అడిగి తీసుకొని, గుంత అడుగున తానే పొడిచాడు. అంత లోతున ఇంకా జానెడు మందాన రొట్టెలాంటి పెచ్చు పగిలి వచ్చింది. దాని కింద ఇసుక. అంత వానపడ్డ ఏడాదిలో, నీళ్లు నిలిచిన వంకలో, ఆ ఇసుక పొడిగా ఉంది. గుప్పిట్లో పట్టుకుంటే వేళ్ల సందుల్లో జారిపోయింది. ఆ చిల్లులో మళ్లీ ఒక బిందె పోస్తే గుటుక్కుమని దిగిపోయింది.

ఆయన ఆ పెచ్చు ముక్కను చేతిరుమాలులో కట్టుకుంటూ నా వైపు తిరిగాడు.

"ఇక్కడ చెక్‌డ్యామ్ కట్టి ఉంటే ఏమయ్యేదో తెలుసా అమ్మా? నీళ్లు ఇంకా ఎక్కువ నిలిచేవి. అందరూ నన్ను మెచ్చుకునేవాళ్లు. బావి అట్లాగే ఎండేది."

"నన్ను గూడా మెచ్చుకున్యారులే నాయనా, మూడేండ్లు" అన్నాను.

ఇంతటితో అయిపోయిందని మీరు అనుకుంటారేమో. కారణం తెలిసినంత తేలిక కాదు దాన్ని ఊరు ఒప్పుకోవడం. చెక్‌డ్యామ్ కంటికి కనిపిస్తుంది, దాని మీద పేర్ల పలక పెట్టుకోవచ్చు. బురద గీకడానికి పలక ఎవరు పెడతారు? సర్పంచ్ నిజంగానే బాధపడ్డాడు. పెద్దవాళ్లను ప్రారంభానికి పిలిస్తే ఏం చూపించాలి, గుంతనా అని అడిగాడు. బావి చూపించమన్నాను. బావిలో నీళ్లు లేవు కదమ్మా అన్నాడు. వచ్చినాకనే పిలువప్పా అన్నాను.

మరిది మాత్రం మొండికేశాడు. బురద ఎక్కడో పోయాలి, వంక కాకపోతే ఎక్కడ పోయాలో మీ సంస్థనే చూపించమన్నాడు. ఆయన అడిగింది తప్పు కాదు. అయితే ఆయనకు జవాబు నేను చెప్పలేదు, మేడమ్ చెప్పలేదు. ఆయన పెళ్లాం చెప్పింది. ఎప్పుడూ మీటింగులో నోరు తెరవని మనిషి. బిందె చంకన పెట్టుకొనే లేచింది.

"మా ఇంట్లో పప్పు ఉడికి ఎన్నాళ్లయిందో ఈయప్పను అడగండి. ముద్దలో పలుకు తగిలితే నన్ను తిడతాడు. ఆ పలుకులు ఈయప్ప పోసినెవే."

ఆ రోజు మా ఊరు నవ్విన నవ్వు మళ్లీ ఎప్పుడూ నవ్వలేదు. మరిది కూడా చివరకు నవ్వాడు. నవ్విన మనిషి సగం ఒప్పుకున్నట్టే. మిగతా సగం ఇంజనీరు ఒప్పించాడు. ఫ్యాక్టరీల దగ్గరే వరసగా మూడు గుంతలు తవ్వి బురదనీళ్లు ఒకదాంట్లోంచి ఇంకోదాంట్లోకి వదిలితే, చివరి గుంతలో తేరిన నీళ్లు మళ్లీ మిషన్లకే వాడుకోవచ్చని, ట్యాంకరు నీళ్లు కొనే పని తగ్గుతుందని బొమ్మ వేసి చూపించాడు. అడుగున పేరుకున్న బురదను పాడుబడ్డ గనిలో పోయాలి. పొదుపు మాట వినగానే మరిది చెవులు నిక్కబొడుచుకున్నాయి. మా వంశంలో ఆ గుణం ఉంది.

ఆ రాత్రి ప్రొద్దుటూరు బస్సులో కాగితాలు వెళ్లాయి. పైవాళ్లు రెండుసార్లు తిప్పి పంపారు, ఇదేం పని, కట్టడం ఎక్కడ అని. ఇంజనీరు రెండుసార్లూ ఆ పెచ్చు ముక్కను వాళ్ల టేబుల్ మీద పెట్టి వచ్చాడట. మూడోసారి సంతకం అయింది.

మాఘంలో మొదలుపెట్టాం. దారి దగ్గర మాత్రం రాతి పరుపు వేసి ఉంచి, దాని కింది నుంచి బావి దాటేదాకా పెచ్చంతా తీశాం. నడుమ జేసీబీ, బావి దగ్గర పలుగూ పారా. మొదటి పార నేనే పట్టాను. ఎవరూ పట్టమనలేదు. నేను పట్టకపోతే నాకే అన్నం దిగదు కాబట్టి పట్టాను.

ఎండాకాలం పోయింది, వాన రాలేదు. ఆ రెండు నెలలు ఊళ్లో నేను తల ఎత్తి నడవలేదు. కనిపించినవాళ్లంతా వంకను భలే ఊడ్చినావే అని పలకరించేవాళ్లు. ఆషాఢంలో ఒక సాయంత్రం ఎగువన ఉరిమింది. వంక వచ్చింది. ఎర్రగా, చెత్తాచెదారంతో, శబ్దం చేస్తూ వచ్చింది. అందరం ఒడ్డున నిలబడ్డాం. పొద్దు గూకే లోపల ప్రవాహం తగ్గింది, దీపాలు పెట్టే వేళకు వంకలో చుక్క లేదు. ఎప్పుడూ రోజుల తరబడి నిలిచే నీళ్లు కళ్ల ముందే మాయమయ్యాయి.

సర్పంచ్ తల కొట్టుకున్నాడు. "ఉన్నె నీళ్లు గూడా పాయె కదమ్మా" అన్నాడు. ఇంజనీరు ఫోన్ చేసి ఎలా ఉందని అడిగితే, నీళ్లు పోయాయి నాయనా అని మాత్రం చెప్పాను. ఆయన ఎక్కడికి పోయాయని అడిగాడు. తెల్లారితే తెలుస్తుందన్నాను.

మరుసటి ఉదయం బావిలో తొమ్మిది మెట్లు మునిగి ఉన్నాయి. మొదటి బిందె మరిది పెళ్లాం ముంచింది. నేను నా వంతుకు నిలబడి రెండు బిందెలు ఇంట్లో దింపి, ఏడున్నర బస్సుకు ప్రొద్దుటూరు వెళ్లి ఆఫీసులో హాజరు సంతకం పెట్టాను.